అధికారికి రక్షణ ఎంతవరకు: రాజోలు ప్రాంత పౌరుల ప్రణాళిక

ప్రభుత్వ అధికారి చేతిలో హక్కు కోల్పోయిన పౌరుడికి రెండు అడ్డంకులు ఎదురవుతాయి. అధికారి విధిలో భాగంగా చేసిన పనిపై క్రిమినల్ కేసు నడవాలంటే చాలాసార్లు ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. నష్టపరిహారం దావాలో, సార్వభౌమ విధుల్లో జరిగిన తప్పుకు ప్రభుత్వంపై దావా చెల్లదనే సార్వభౌమాధికార రక్షణ అన్న పాత వాదాన్ని దాటాలి. ఈ రెండింటికీ హద్దులు ఉండాలన్నదే ఈ ప్రణాళిక సారం.

రెండో అడ్డంకిగా ఉన్న వాదం ఈస్టిండియా కంపెనీ కాలం నాటిది. 1964లో కస్తూరీలాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్నే ఆమోదించింది. మీరట్ పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబుల్ ఎత్తుకుపోయినా, యజమానికి పరిహారం దక్కలేదు.

ఆ గోడను బీటలు వార్చిన తీర్పుల్లో రెండు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవే. 1975లో కావలిలో అధికారులు ఒక వ్యాపారి ఎరువులు, ధాన్యం స్వాధీనం చేసుకున్నారు. తిరిగి ఇచ్చేనాటికి సరుకు పాడైపోయింది. 1994లో నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు ఆ నష్టానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలంది. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలుపై బాంబులు పడ్డాయి. అందులో ఖైదీలుగా ఉండి, ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్న తండ్రీకొడుకుల్లో తండ్రి చనిపోయాడు. కాలదోషం పట్టిందని కింది కోర్టు ఆ కుటుంబం వేసిన దావా కొట్టేసింది. హైకోర్టు రూ.1,44,000 ఇప్పించింది. 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసి, ప్రాణహక్కు ముందు సార్వభౌమ రక్షణ నిలవదని తేల్చింది. తీర్పు వచ్చేసరికి 23 ఏళ్లు గడిచాయి.

రాజోలు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడి కూలీకి, కౌలు రైతుకు ప్రభుత్వమంటే స్టేషన్లో ఎస్సై, ఆఫీసులో తాసిల్దారు, ఊళ్లో వీఆర్వో. వారిపై ఫిర్యాదు చేయాలన్నా మళ్లీ వారి శాఖ గుమ్మమే ఎక్కాలి. అందుకే కింది సూత్రాలు.

1. రక్షణ విధికే గాని మనిషికి కాదు. వరదలప్పుడు లంక గ్రామాలను ఖాళీ చేయించే తాసిల్దారు కోర్టు భయంతో వెనకాడకూడదు. సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ ఉండాల్సిందే. కానీ 2020 జులైలో సీతానగరం పోలీస్ స్టేషన్లో దళిత యువకుణ్ణి కొట్టి, గుండు గీయించారన్న ఫిర్యాదు వచ్చింది. అప్పటికి సీతానగరం, రాజోలు రెండూ తూర్పు గోదావరి జిల్లాలోవే. ఎస్సై సస్పెండై, అరెస్టయ్యాడు. అలాంటి పని ఏ పోలీసు విధిలోనూ భాగం కాదు.

2. అనుమతికి గడువు, కారణం రెండూ ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చాలి, లేకుంటే అనుమతి ఇచ్చినట్టే. ఇది మంచి మార్పు. నిరాకరిస్తే మాత్రం కారణాలు రాసి బాధితుడికి నకలు ఇవ్వాలి.

3. ఫిర్యాదు తీసుకోకపోవడమూ నేరమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ కింద ఆ వర్గాలకు చెందని అధికారి కావాలని విధి విస్మరిస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. బాధితుడు నోటితో చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఇది ప్రతి స్టేషన్లో అక్షరాలా అమలు కావాలి.

4. పరిహారం ముందు ఖజానా నుంచి, ఆపైన బాధ్యుడి జీతం నుంచి రావాలి. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చూపిన దారి ఇదే. జనం పన్నులతో తప్పు చేసినవాణ్ణి కాపాడటం అన్యాయం.

5. సాక్ష్యం మాయం కాకూడదు. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. రికార్డింగు లేకుంటే ఆ లోటు భారం అధికారిపైనే పడాలి.

6. పార్లమెంటు చట్టం చేయాలి. ప్రభుత్వ బాధ్యతను చట్టంగా రాయాలని లా కమిషన్ 1956లో తన మొదటి నివేదికలోనే కోరింది. 1965, 1967 బిల్లులు మురిగిపోయాయి. బ్రిటన్ 1947లోనే తన చట్టం చేసుకుంది. అమెరికాలో కోర్టులే అధికారులకు రక్షణ కల్పించాయి. 1982 నుంచి అక్కడ, భంగపడిన హక్కు అప్పటికే స్పష్టంగా స్థిరపడి ఉంటే తప్ప అధికారిపై దావా నిలవదు. 2020లో కొలరాడో, రాష్ట్ర కోర్టుల్లో పోలీసులకు ఆ వాదనను తీసేసింది. భారత చట్టంలో అలాంటి వాదనకు మొదటి నుంచే చోటు ఉండకూడదు.

ఆ చట్టం వచ్చేదాకా చేయవలసిన పని ఊళ్లోనే ఉంది. జరిగినదాన్ని తేదీ, సమయంతో ఆ రోజే రాసిపెట్టాలి. గాయాలకు ప్రభుత్వాసుపత్రిలో చీటీ తీసుకోవాలి. ప్రభుత్వంపై దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి గనుక జాప్యం కూడదు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. ఈ నాలుగు సంగతులూ రాజోలు చుట్టుపక్కల ప్రతి గ్రామసభలో చదివి వినిపించాలి. బాధితుడితో పాటు సాక్షికీ ఊరు అండగా నిలవాలి.