ఆటోమేటిక్ కారుకీ ఓ నూనె ఉంది, మర్చిపోకండి!

కొత్త కారు కొనగానే మన విశాఖ వాళ్ళం మొదట చేసే పని ఏమిటి? ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు కారు నిలిపి, కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించడం. మంచిదే. ఆ తర్వాత వేళకి ఇంజన్ ఆయిల్ మార్పించడం, టైర్లలో గాలి చూపించడం కూడా ఎవరూ మరచిపోరు. కానీ క్లచ్ లేని ఆటోమేటిక్ కారు నడిపే ఇల్లాలిని "మీ గేర్‌బాక్స్ నూనె ఎప్పుడు మార్పించారు?" అని అడిగి చూడండి. "దానికీ వేరే నూనె ఉంటుందా అండీ?" అని ఎదురు ప్రశ్న వేసేవారే ఎక్కువ.

ఉంటుందండీ. దాన్ని ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ అంటారు. మెకానిక్కుల భాషలో ఏటీఎఫ్. పిల్లల్ని స్కూల్లో దింపడానికీ, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికీ సుళువుగా ఉంటుందని సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొనుక్కున్న ఇళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలాంటి కారు లక్ష కిలోమీటర్లు దాటి ఉంటే ఈ వారం శీర్షిక మీకోసమే.

ఆ నూనె చేసే పనేమిటి?

గేర్లు తమంతట తామే మారే కారు మనకి కొత్తగానీ ప్రపంచానికి పాతదే. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ తన 1940 మోడల్ కార్లలోనే హైడ్రామేటిక్ అనే గేర్‌బాక్స్ పెట్టి అమ్మింది. ఆనాటి నుంచీ ఈ గేర్‌బాక్సుకి ప్రాణం నూనే.

మామూలు కారులో ఇంజన్ శక్తిని గేర్‌బాక్సుకి అందించేది క్లచ్ ప్లేటు. ఆటోమేటిక్‌లో ఆ పని టార్క్ కన్వర్టర్ చేస్తుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా! అలాగే ఇక్కడ గాలికి బదులు నూనె తిప్పుతుంది. లోపలి క్లచ్‌లను నొక్కి గేరు మార్చేదీ నూనె ఒత్తిడే. పళ్ళచక్రాలు అరిగిపోకుండా జారుడుగా ఉంచేదీ అదే. పుట్టిన వేడిని మోసుకుపోయి చల్లార్చుకు వచ్చేదీ అదే. వంటింట్లో ఒక్క మనిషే వండి, వడ్డించి, అంట్లు తోమినట్టు! అలసిపోకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

మన ఊళ్ళో ఎందుకు త్వరగా పాడవుతుంది?

బూరెలు వేయించిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. నల్లబడి, చిక్కబడి, మాడు వాసన వేస్తుంది. ఈ నూనెకీ శత్రువు వేడే. వైజాగ్ ఎండ ఒకవైపు. గాజువాక, మద్దిలపాలెం సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ, కదులుతూ వెళ్ళడం మరోవైపు. ఏ.సి. వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని సింహాచలం కొండో, అనంతగిరి మీదుగా అరకు ఘాటో ఎక్కితే గేర్‌బాక్సుకి ఇంకా శ్రమ. కారుతో పాటు వచ్చే పుస్తకంలో "తీవ్రమైన వాడకం" అని ఒక వరస వేరుగా ఉంటుంది. వేడి, ట్రాఫిక్, కొండ దారులు ఆ వరసలోకే వస్తాయి. కాబట్టి మనం చూడవలసింది ఆ గడువునే. ఇక సముద్రపు గాలి సంగతి తెలిసిందే. లాసన్స్ బే, బీచ్ రోడ్డు ప్రాంతాల్లో ఉండేవారు కారు కింద పైపులకీ బోల్టులకీ తుప్పు పట్టిందేమో కూడా చూపించుకోవాలి.

ముందు మీ కారు ఏ జాతిదో తెలుసుకోండి

క్లచ్ లేనివన్నీ ఒకటి కావు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో బాగా వ్యాప్తిలోకి వచ్చిన ఏఎంటీ రకం లోపల మామూలు గేర్‌బాక్సే. గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. దాని నూనె వేరు, పద్ధతి వేరు. బెల్టుతో నడిచే సీవీటీ రకానికి ప్రత్యేకమైన సీవీటీ ఫ్లూయిడే పోయాలి. రెండు క్లచ్‌లుండే డీసీటీ రకానికి మరొకటి. టార్క్ కన్వర్టర్ ఉన్నదానికే ఏటీఎఫ్. అందులోనూ కంపెనీ చెప్పిన గ్రేడే వాడాలి. "అన్నీ ఒకటేనమ్మా, ఎర్రగా ఉంటే చాలు" అనే మెకానిక్ దగ్గర కారు వదలకండి. పులుసులో చింతపండుకి బదులు నిమ్మరసం పిండుకోవచ్చుగానీ, ఇక్కడ ఆ సర్దుబాటు కుదరదు.

కారు చెప్పే మాట వినండి

గేర్‌బాక్స్ ఒక్కరోజులో చెడిపోదు. ముందుగా చెబుతుంది. పొద్దున్నే లివర్‌ని డి లోకి వేశాక ఒకటి రెండు క్షణాలు ఆలోచించి కదులుతుందా? గేరు మారేటప్పుడు వెనకనుంచి ఎవరో నెట్టినట్టు కుదుపు వస్తోందా? యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ రొద చేస్తోంది గానీ వేగం రావడం లేదా? కారు నిలిపిన చోట నేలమీద ఎర్రటి మరకలున్నాయా?

ఇవి చిన్న విషయాలు కావమ్మా. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డులోంచి కంటైనర్ లారీలు హైవే మీదికి తిరుగుతూ ఉంటాయి. అక్కడ మీరు రోడ్డు దాటబోయి యాక్సిలరేటర్ నొక్కారనుకోండి. కారు వెంటనే కదలకపోతే ఆ రెండు క్షణాలే ప్రమాదం. వెనక సీట్లో మీ పిల్లలుంటారు. అందుకే "ఏముందిలే, నడుస్తోందిగా" అనుకోవద్దు.

డిప్‌స్టిక్ ఉన్న కారైతే నూనె బొట్టు తెల్లటి కాగితం మీద వేయించి చూడండి. కొత్త ఏటీఎఫ్ సాధారణంగా ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. కాస్త గోధుమ రంగుకి తిరిగితే పాతబడిందని అర్థం. నల్లబడి మాడు వాసన వేస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నాయేమోనని అనుమానించాలి. రోజ్ మిల్క్‌లా పాలగులాబీ రంగులో ఉంటే మాత్రం రేడియేటర్ నీళ్ళు అందులో కలుస్తున్నట్టే. ఇక ఆ కారు ఒక్క అడుగు కూడా నడపకండి. టోయింగ్ పెట్టించి గ్యారేజీకి పంపండి.

లక్ష దాటాక మార్చవచ్చా, కూడదా?

చాలామందిని భయపెట్టే ప్రశ్న ఇదే. "ఇన్నాళ్ళూ మార్చలేదు కదమ్మా, ఇప్పుడు కొత్త నూనె పోస్తే గేర్‌బాక్స్ పోద్ది" అంటారు కొందరు. "ఇది లైఫ్‌టైమ్ ఆయిలమ్మా, మార్చనక్కర్లేదు" అంటారు మరికొందరు. రెండింటిలోనూ సగం నిజమే ఉంది.

లైఫ్‌టైమ్ అన్నప్పుడు ఎవరి లైఫ్ అని అడగాలి. గేర్‌బాక్స్ పది, పదిహేనేళ్ళు మీ దగ్గరే పని చేయాలంటే నూనె మారాల్సిందే. ఇక మొదటి మాట. బాగా అరిగిపోయి, అప్పటికే జారుతున్న గేర్‌బాక్సుని కొత్త నూనె బాగుచేయలేదు. మార్చిన కొన్నాళ్ళకి అది ఆగిపోతే నింద కొత్త నూనె మీద పడుతుంది. రోగం ముదిరాక మందు వేసి, మందు వల్లే పోయాడన్నట్టు!

అందుకని ఇలా చేయండి. కారు బాగానే నడుస్తూ, నూనె మాత్రం పాతబడి ఉంటే ధైర్యంగా మార్పించండి. మెషిన్ పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగించే ఫ్లషింగ్ మాత్రం ఎన్నడూ నూనె మార్చని పాత కారుకి వద్దు. ఉన్నది దింపి అంతే కొత్తది పోసే పద్ధతి నెమ్మదైనది, మేలైనది. ఇలా దింపినప్పుడు మొత్తం రాదు. టార్క్ కన్వర్టర్‌లో చాలా భాగం నిలిచిపోతుంది. మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే మారుతుంది. కాబట్టి కొంత దూరం తిరిగాక మళ్ళీ ఒకటి రెండుసార్లు మార్పిస్తే నూనె చాలావరకు కొత్తదవుతుంది. కారు అప్పటికే జారుతూ ఉంటే, కుదుపులు ఎక్కువగా ఉంటే మాత్రం ముందు స్కానర్ పెట్టించి పరీక్ష చేయించండి. ఆ తర్వాతే నూనె మాట.

గ్యారేజీలో ఏం జరగాలి?

పని మీరు చేయనక్కర్లేదు. దగ్గరుండి చూస్తే చాలు. గేర్‌బాక్స్ అడుగున రేకు తొట్టి ఉంటుంది. దాన్ని పాన్ అంటారు. నూనె దింపి పాన్ విప్పితే పైన ఫిల్టరు కనిపిస్తుంది. ఇది మన టీ వడపోత లాంటిది. మడ్డి పట్టిన వడపోతలోంచి టీ దిగనట్టే, మూసుకుపోయిన ఫిల్టరులోంచి నూనె సరిగా అందదు. నూనె మార్చి ఫిల్టరు పాతదే ఉంచితే సగం పనే అయినట్టు. అయితే కొన్ని కార్లలో ఫిల్టరు గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. మొత్తం విప్పితేగానీ రాదు. అలాంటివాటికి నూనె మాత్రమే మారుస్తారు. మీ కారు ఏ రకమో పని మొదలుపెట్టేముందే అడగండి.

పాన్‌లో చిన్న అయస్కాంతాలుంటాయి. వాటిని మీకు చూపించమనండి. కాటుకలాంటి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే కంగారు పడకండి. అది సహజమైన అరుగుదల. వేలికి గుచ్చుకునే ఇనప రజను, ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల ఏదో విరుగుతున్నట్టే. పాన్ మూసేముందే మాట్లాడుకోండి.

తర్వాత పాన్‌ని నూగు రాలని గుడ్డతో తుడిచి, కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు ఎదురెదురుగా సమానంగా బిగించాలి. దింపిన నూనె ఎన్ని లీటర్లుందో కొలిచి అంతే పోయాలి. ఇంజన్ నడుస్తుండగా బ్రేకు నొక్కిపట్టి లివర్‌ని ఒక్కొక్క స్థానంలోకి నెమ్మదిగా తిప్పాలి. చివరికి పుస్తకంలో చెప్పిన వేడిలో, చెప్పిన పద్ధతిలో మట్టం చూడాలి. తక్కువైతే ఒత్తిడి చాలదు. ఎక్కువైతే నురగ కడుతుంది. రెండూ నష్టమే.

గ్యారేజీకి వెళ్ళేముందు

* కారు పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. ఏ నూనె, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకి అన్నది అందులోనే ఉంటుంది.
* నూనె డబ్బాలు మీ ఎదుటే సీలు తీయించండి. బిల్లులో నూనె పేరు, గ్రేడు రాయించుకోండి.
* తేదీ, కిలోమీటర్లు పాలలెక్కలా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. రేపు కారు అమ్మేటప్పుడు ఆ పుస్తకమే మీకు ధర తెచ్చిపెడుతుంది.
* వేడిగా ఉన్నప్పుడు దింపే నూనె ఒళ్ళు కాల్చేస్తుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరినీ దూరనివ్వకండి.
* పాత నూనెని కాలవలో పోయనివ్వకండి. మన కాలవలు చివరికి కలిసేది సముద్రంలోనే. గ్యారేజీవారు దాన్ని రిజిస్టరైన రీసైక్లర్లకి ఇవ్వాలి.

నూనె, ఫిల్టరు మార్చడానికయ్యే ఖర్చు వేలల్లోనే తేలుతుంది. గేర్‌బాక్స్ విప్పవలసి వస్తే లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. నెల జీతం మీదో, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యాక వచ్చిన సొమ్ము మీదో ఇల్లు గడుపుకునే మనలాంటివాళ్ళకి ఆ తేడా చిన్నది కాదు. మావారు చూసుకుంటారులే అని ఊరుకోకుండా, ఈ ఆదివారం కారు పుస్తకం బయటికి తీసి ఆ ఒక్క పేజీ చదవండి. పోపుల పెట్టెలో ఏది నిండుకుందో చూడగానే చెప్పే మీకు ఇదేమంత కష్టం కాదు!