ఢిల్లీ సభలో ఒక మధ్యాహ్నము, మన కాలువ నీరు



2014వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేది, మంగళవారము. మాగాణులలో మినుము కాయ నలుపు తిరుగుచున్న దినములు. ఆ మధ్యాహ్నము మూడు గంటల వేళ కూచిపూడిలో ఒక రైతుగారి వసారాలో పదిపండ్రెండుగురము టెలివిజను ఎదుట కూర్చుండియుంటిమి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు ఆ దినమున లోక్‌సభలో తేలిపోవునని అందఱును ఎఱిగినదే. చూచుచుండగనే సభ బొమ్మ మాయమైనది. "కరెంటు పోయిందేమో చూడరా అబ్బాయ్" అని ఇంటి పెద్దాయన కుమారుని కేకవేసిరి. కరెంటు పోలేదు, పంకా తిరుగుచునే యున్నది. కేబులు వానిని ఒకరు తిట్టిరి. పాపము, వాని తప్పును కాదు. సభ నుండి రావలసిన ప్రత్యక్ష ప్రసారమే నిలిచిపోయినదనియు, అందుకు సాంకేతిక లోపము కారణమని చెప్పిరనియు పిమ్మట తెలిసినది. ఆ బొమ్మ లేని వేళయందే బిల్లు మూజువాణి వోటుతో నెగ్గెను. రెండు దినములకు, 20వ తేదిన, రాజ్యసభయు దానిని ఆమోదించెను. మార్చి 1వ తేదిన రాష్ట్రపతి సమ్మతి లభించినది. జూన్ 2వ తేది నుండి రాష్ట్రములు రెండయ్యెను.

కూచిపూడి యన్నంతనే లోకమునకు నాట్యము జ్ఞప్తికి వచ్చును. కాని కాలువ క్రింది వరియే ఇచ్చట పెక్కు కుటుంబములకు జీవనాధారము. రాష్ట్రము విడిపోవుట మంచిదా చెడ్డదా యను చర్చ నేను ఇచ్చట ఎత్తను. తెలంగాణ సోదరులు దశాబ్దములు కోరినది వారికి లభించినది, ఆ అధ్యాయము ముగిసినది. ఆ దినమున సభ జరిగిన తీరు వలన కాలువ క్రింది రైతునకు ఏమి కలిగినదో, అదియొక్కటే నా విషయము.

ఆ సాయంకాలము రచ్చబండ యొద్ద మేము మాటలాడుకొన్నదెల్ల దెబ్బలాటలను గూర్చియే. అంతకు అయిదు దినముల ముందు, 13వ తేదిన, బిల్లు ప్రవేశపెట్టు సమయమున మన పొరుగు నియోజకవర్గమైన విజయవాడ సభ్యులు శ్రీ లగడపాటి రాజగోపాల్‌గారు సభలో మిరియపు మందు చల్లిరి. కొందఱు వారిని వీరుడనిరి, కొందఱు సిగ్గుచేటనిరి. బిల్లు తొమ్మిదవ భాగములో ఏమి యున్నదని అడిగినవాడొక్కడును లేడు. నేనును అడుగలేదు. నేల పరీక్ష పత్రములోని ప్రతి అంకెను చదువుమని రైతులకు బోధించు డిమాన్‌స్ట్రేటరును నేను. నా ఊరి నీటిని గూర్చిన చట్టమును చదువకయే కూర్చుంటిని.

ఆ యేటి వేసవిలో చట్టము ప్రతి నా చేతికి వచ్చినది. మొత్తము 108 సెక్షనులు. అందు తొమ్మిదవ భాగము జలవనరులకు సంబంధించినది, 84 మొదలు 91 వఱకు ఎనిమిది సెక్షనులు. మన కాలువకు తలుపు తీయు తాళపు చెవి ఈ ఎనిమిదింటిలోనే యున్నది.

నేను చదివిన మిషను పాఠశాలలో మాస్టరుగారొకరు ఏ పాఠము చెప్పినను చివర మూడు ప్రశ్నలు వేయుచుండిరి: ఎవరు? ఎంత? ఎప్పుడు? ఆ యలవాటుననే ఈ భాగమును చదివితిని. 84వ సెక్షను అపెక్స్ కౌన్సిలును ఏర్పఱచినది. కేంద్ర జలవనరుల మంత్రి అధ్యక్షుడు, ఇరు రాష్ట్రముల ముఖ్యమంత్రులు సభ్యులు. "ఎవరు" అను ప్రశ్నకు జవాబు కలదు. 85వది కృష్ణకొకటి, గోదావరికొకటి నదీ యాజమాన్య బోర్డులను నియత దినము నుండి అఱువది దినములలోగా ఏర్పఱుపవలెనన్నది. "ఎప్పుడు" అను ప్రశ్నకును జవాబు కలదు. 87వ సెక్షనునకు వచ్చుసరికి ఏ యే ప్రాజెక్టులపై బోర్డునకు అధికారముండునో కేంద్ర ప్రభుత్వము ప్రకటించునని మాత్రమే యున్నది. ఎప్పుడు ప్రకటించును? ఆ మాట లేదు.

ఈ రెండు సెక్షనులకు పట్టిన గతిని పోల్చి చూడుడు. అఱువది దినముల గడువు గల బోర్డులు గడువు రాకమున్నే, 2014 మే 28వ తేదిననే, ప్రకటింపబడినవి. గడువు లేని అధికార పరిధి ప్రకటన 2021 జూలై 15వ తేదిన వెలువడినది. ఏడు సంవత్సరముల పైన నెలన్నర! అంతకాలము కృష్ణా బోర్డు కుర్చీ కలిగియు కఱ్ఱ లేని కావలివాని వలె నుండెను.

మన సంఘములో ఋణపత్రము వ్రాయునపుడు గుమాస్తాగారు వాయిదా తేది లేని పత్రమును పెట్టెలో పెట్టనిత్తురా? పదివేల రూపాయల అప్పునకు వాయిదా వ్రాయించుకొను మనము, పదుమూడు లక్షల ఎకరముల నీటికి వాయిదా లేని పత్రము మీద వ్రేలిముద్ర వేసితిమి.

ఆ యేడేండ్లలో జరిగినది మీరెఱిగినదే. 2015 ఫిబ్రవరిలో నాగార్జునసాగరు ఆనకట్టపై రెండు రాష్ట్రముల పోలీసులు తలపడిరి. ఆ యేడు జూన్ నెలలో బచావత్ ట్రిబ్యునలు తీర్పులోని 811 టీ.ఎం.సీ.లను ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణమునకు 299 చొప్పున తాత్కాలికముగా పంచుకొనిరి. ఆ "తాత్కాలికము" ఏటేటికి పొడిగింపు పొందినది. 2021 జూన్, జూలై నెలలలో విద్యుదుత్పత్తికై పులిచింతల నుండి వదలిన నీరు ప్రకాశం బ్యారేజి దాటి సముద్రము పాలైనది. మన నారుమళ్లకు కావలసిన నీరు అది. అధికార పరిధి ప్రకటన వెలువడిన తరువాతనైనను ప్రాజెక్టుల అప్పగింత పూర్తి కాలేదు. 2023 నవంబరు చివర సాగరుపై మఱల పోలీసులే దిగిరి. ప్రాజెక్టులను బోర్డునకు అప్పగింపరాదని 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ తీర్మానించెను. వారి వాదము వారికి కలదు. పరీవాహక ప్రాంతములో అధిక భాగము తమదనియు, 811లో 299 మాత్రమే తమకు వచ్చుట అన్యాయమనియు వారందురు. పాలమూరు మెట్టపొలములను చూచినవాడెవడును ఆ మాటను త్రోసిపుచ్చలేడు. కాని తగవు తీర్చవలసినవానికి అధికారము లేనపుడు వారికిని న్యాయము జరుగదు, మనకును జరుగదు.

నీరు నెల దినములు ఆలస్యమైనచో ఏమగునో నా వృత్తి కొలది చెప్పవలసి యున్నది. సాంబ మసూరి, అనగా బీపీటీ 5204, విత్తనము మొదలు కోత వఱకు సుమారు నూట ఏబది దినములు తీసికొనును. జూన్ తొలివారములో నారు పోసినచో నవంబరు తొలి పక్షమున కోతకు వచ్చును. కోతకు రెండు మూడు దినముల ముందు నిలువు చేలో తడి పదునున మినుము చల్లుదుము. ఆ మినుము మంచు తేమతో పెరిగి ఎండలు ముదురకమున్నే ఇంటికి చేరును. జూలై చివర నారు పోసినవాని వరి నవంబరు తుపానుల వేళకు పాలుపోసుకొనుచుండును. గాలికి పడినదా, గింజ తప్ప, గడ్డియును దక్కదు. అది తప్పించుకొన్నను కోత డిసెంబరు చివరకు జరుగును, మినుము ఎండలకు చిక్కును, పల్లాకు తెగులు పట్టును. కాలువలో ఒక్క నెల పోయినదన్న రైతునకు రెండు పంటలు కుంటుపడినవని అర్థము. కౌలురైతునకైతే ఇంకను కష్టము. మినుము మీది రాబడియే అతనికి మిగులు, వరి చాలవఱకు కౌలుకును ఖర్చులకును సరి.

వెదజల్లు పద్ధతిని కొందఱితో చేయించితిని, కొంత కాలము కలిసివచ్చినది. పల్లపు చేలలో అదియు సాగదు.

వర్షములు లేని ఏట ఏ చట్టమును నీరు పుట్టింపలేదు. 2015లో జలాశయములు అడుగంటుటకు 87వ సెక్షను కారణము కాదు. ఆ సెప్టెంబరులో పట్టిసీమ ఎత్తిపోతల నుండి గోదావరి నీరు ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలియుట మొదలైనది. అది లేకున్న మన డెల్టా ఇంకను చెడియుండెడిది. నేను చెప్పునది ఇంతే. ఉన్న నీటిని ఎవరు, ఎంత, ఎప్పుడు వదలవలెనను నిర్ణయమునకు ఆ ఏడేండ్లు బలము లేకపోయినది.

ఇక సభ సంగతి. పార్లమెంటులో బిల్లునకు మూడు మెట్లుండును. మొదటిది ప్రవేశపెట్టుట. రెండవది దాని ఉద్దేశమును చర్చించి, పిమ్మట ఖండము వెంబడి ఖండముగా పరిశీలించుట. మూడవది మొత్తముగా ఆమోదించుట. ఈ రెండవ మెట్టున ఖండపరిశీలన యనునది రైతు కలుపు తీయుట వంటిది. సభ్యుడు లేచి, "ఇచ్చట 'తొంబది దినములలోగా' అను మాట చేర్చవలెను" అని సవరణ పెట్టుటకు చోటదియే. మన సంఘపు ఉపనిబంధనలను మార్చునపుడు మహాజనసభలో చేయునట్టిదే. ఆ మంగళవారము పెట్టిన సవరణలు గోల నడుమ త్రోసివేయబడెను. ఇట్టి పెద్ద బిల్లునకు ఒక మధ్యాహ్నము చాలినది. మన ప్రాంతపు సభ్యులు పలువురు 13వ తేది గలాటా కారణముగా సస్పెండు అయియుండిరి. విజయవాడ సభ్యులును వారిలో నొకరు. మన నీటి ఖండములు సభ యెదుటకు వచ్చిన వేళ మన బెంచీలు బోసిపోయియుండెను.

తప్పెవరిదని అడుగుదురు. తొందరపడి నడిపించిన ప్రభుత్వమునకును, ప్రతిపక్షములో నుండి చేయి కలిపిన పెద్దలకును వాటా కలదు. కాని మన వాటా తక్కువదని నేననుకొనను. అంతకు ముందు రాష్ట్ర శాసనసభకు ఈ బిల్లు అభిప్రాయమునకై వచ్చియుండెను. సవరణ సూచనలు వేలకొలది వచ్చెను, ఒక్కొక్కటిగా విచారణ జరుగలేదు. జనవరి 30వ తేదిన బిల్లునే తిరస్కరించుచు మూజువాణితో తీర్మానించి చేతులు దులుపుకొనిరి. బిల్లు మొత్తము వలదనువాడు అందలి ఖండమును సరిదిద్దుటకు ఇష్టపడడు, సరిదిద్దిన ఒప్పుకొన్నట్లగునను జంకు. ఆ జంకే మనకు నష్టము చేసినది. మొత్తమును వ్యతిరేకించుచునే, "ఒకవేళ నెగ్గినచో ఈ మాటయైన చేర్చుడు" అనుట లౌక్యము తెలిసిన రైతు చేయుపని. వ్యాజ్యములో ప్లీడరు చేయునదియు నదియే. అట్లు అడిగియున్నచో ఆ మాట తప్పక చేరెడిదని నేను ప్రమాణము చేయలేను. 85వ సెక్షనులో అఱువది దినములు చేరుటకు ఎవరో ఒకరు ఆలోచించియుండిరి గదా యని మాత్రము అనగలను.

గడువును గూర్చిన మఱియొక బిల్లు గతియు వినుడు. అంతర్రాష్ట్ర నదీ జల వివాదములను ట్రిబ్యునళ్లు నిర్ణీత కాలములో తేల్చవలెనను సవరణ బిల్లు 2019 జూలై 31వ తేదిన లోక్‌సభలో నెగ్గెను. రాజ్యసభ దానిని ఆమోదింపలేదు. 2024లో లోక్‌సభ రద్దు కాగానే అది మురిగిపోయినది. మన కృష్ణా రెండవ ట్రిబ్యునలు 2004లో ఏర్పడినది. 2023 అక్టోబరులో దానికి రెండు రాష్ట్రముల పంపకమును గూర్చి క్రొత్త విచారణాంశములు ఈయబడినవి. పుట్టిన నాడు నారుమడిలో ఆడుకొన్న పిల్లవాడు ఈనాడు స్వయముగా సేద్యము చేయుచున్నాడు.

వోటు అడుగుటకు వచ్చిన అభ్యర్థిని మనము రోడ్డు, కుళాయి, సబ్సిడీ అడుగుదుము. అవియు అడుగవలసినవే. ఈసారి వచ్చినపుడు, 87వ సెక్షను క్రింద ప్రాజెక్టుల అప్పగింతకు గడువు పెట్టించుటకు సభలో ఏమి చేసెదరని కూడ అడుగుడు. ఆ సెక్షను ఏదని వారు ఎదురు ప్రశ్న వేసినచో కోపగించుకొనక చదివి వినిపింపుడు.

అందుకై తొమ్మిదవ భాగమును నాకు వచ్చిన తెలుగున వ్రాసి, సంఘ కార్యాలయమున గుమాస్తాగారి బల్లపై ఉంచితిని. ఎరువుల రసీదులకై వచ్చినవారు అచ్చటనే కూర్చుండి చదువుకొనవచ్చును. ఇంటికి తీసికొనిపోరాదు, ప్రతి ఒక్కటియే కలదు.