పాత ఇరుసుకు కొత్త గిరాకీ

అమెరికా రోడ్ల మీద తిరుగుతున్న కార్లు, పికప్‌ల సగటు వయసు 2025లో 12.8 ఏళ్లకు చేరింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త వాహనం సగటు ధర 50 వేల డాలర్లు దాటింది. ఉన్న బండినే బాగుచేయించుకుని మరికొన్నేళ్లు నడుపుకొందామని జనం ఎందుకు అనుకుంటున్నారో ఈ రెండు అంకెలే చెబుతాయి. పొలం పనికో, దుకాణం సరుకుకో పికప్ ట్రక్కు నడిపే మనవాళ్లకూ ఇది ఇంటి లెక్కే.

ఉదాహరణకు వెనుక ఇరుసు సంగతి చూద్దాం. డిఫరెన్షియల్‌లో పళ్లు అరిగితే లోపలి గేర్లు మార్చి మళ్లీ అమర్చడం నేర్పున్న మెకానిక్ చేయాల్సిన పని. పెద్ద నగరాల్లో కూలీ గంటకు 150 డాలర్లు దాటిన షాపులు మామూలే. అందుకే సాల్వేజ్ యార్డు నుంచి పూర్తి యాక్సిల్ తెచ్చి బిగించడం చాలాసార్లు చౌక. ప్రమాదంలో ముందు భాగం నుజ్జయిన బండికి వెనుక ఇరుసు చెక్కుచెదరకుండా ఉండొచ్చు. బీమా కంపెనీ ఆ బండిని వదిలేస్తే యార్డు దాన్ని విడదీసి అమ్ముతుంది.

సుంకం తప్పినా సెగ తప్పదు

ట్రంప్ ప్రభుత్వం 232 సెక్షన్ కింద దిగుమతి కార్లపై 2025 ఏప్రిల్ 3 నుంచి, ముఖ్యమైన విడిభాగాలపై మే 3 నుంచి 25 శాతం సుంకం విధించింది. మెక్సికో, కెనడాల నుంచి ఒప్పందం ప్రకారం వచ్చే భాగాలకు మినహాయింపు ఉంది. జపాన్, ఐరోపా యూనియన్‌లకు తర్వాత 15 శాతానికి తగ్గింది. యార్డులో పడి ఉన్న ఇరుసు ఎప్పుడో దేశంలోకి వచ్చేసింది కాబట్టి దానికి ఈ సుంకం వర్తించదు. అయితే కొత్త దాని ధర పెరిగితే కొనేవారు పాత దానివైపు మళ్లుతారు, దాంతో దాని ధరా పైకి కదులుతుంది. మరోవైపు, మరమ్మతు ఖర్చు పెరిగేకొద్దీ బీమా కంపెనీలు మరిన్ని బండ్లను వదిలేస్తే యార్డుల్లో సరుకూ పెరుగుతుంది. ఈ రెండింటిలో ఏది గెలిస్తే ధర అటు మొగ్గుతుంది.

కొనే ముందు చూడాల్సినవి

ధరకంటే ముందు పొంతన చూడాలి. ఒకే ఎఫ్-150 మోడల్‌లో 3.55, 3.73 వంటి వేర్వేరు గేర్ నిష్పత్తులు ఉంటాయి. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ముందు, వెనుక నిష్పత్తులు ఒకటే కాకపోతే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది. ఫోర్డ్ పికప్‌లలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద, జనరల్ మోటార్స్ పాత మోడళ్లలో గ్లవ్ బాక్స్ లోపలి స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది. చక్రాల బోల్టుల సంఖ్య, ఇరుసు వెడల్పు, బ్రేకుల రకం, ఏబీఎస్ సెన్సర్ కూడా సరిపోవాలి. చలికాలంలో రోడ్లకు ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే తుప్పు చూడాలి. నూనెలో లోహపు ముక్కలు కనబడితే ఆ ఇరుసును వదిలేయాలి. బిగించేటప్పుడు సీళ్లు, గేర్ ఆయిల్, యూ-బోల్టులు కొత్తవి వేయాలి. యార్డు ఇచ్చే వారంటీ చాలాసార్లు వస్తువుకే పరిమితం. అది తేడా చేస్తే రెండోసారి కూలీ మన జేబులోంచే పోతుంది.

తాళం ఎవరి చేతిలో?

ఇరుసు ఇనుమే అయినా అది చెప్పే మాట వినేది కంప్యూటర్. నిష్పత్తి మారిన ఇరుసు వేస్తే ఆ సంగతి బండి కంప్యూటర్‌కు చెప్పాలి, లేకపోతే స్పీడోమీటర్ తప్పు చూపించొచ్చు. కొన్ని కంపెనీల 2018 తర్వాతి బండ్లలో కంపెనీ అనుమతించిన పరికరం ఉంటేనే కంప్యూటర్‌లో మార్పులు చేయగలరు. దొంగతనాలు, హ్యాకింగ్ ఆపడానికే ఈ ఏర్పాటు అని కంపెనీలు చెబుతాయి. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాడిగా ఆ భయం నిజమేనని ఒప్పుకుంటాను. కానీ భద్రత కోసం వేసిన తాళం చెవి కంపెనీ ఒక్కదాని దగ్గరే ఉండితీరాలని లేదు. యజమాని అనుమతితో బయటి మెకానిక్‌కూ దాన్ని ఇచ్చే పద్ధతులు సాధ్యమే.

మసాచుసెట్స్ ఓటర్లు 2012లో మరమ్మతు హక్కుకు, 2020లో వైర్‌లెస్‌గా వెళ్లే వాహన సమాచారంపై హక్కుకు మద్దతు పలికారు. రెండోదానిపై కార్ల కంపెనీల సంఘం కోర్టుకెళ్లగా, 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ జిల్లా కోర్టు ఆ దావా కొట్టేసింది. మెయిన్ రాష్ట్ర ఓటర్లు 2023లో అలాంటి తీర్పే ఇచ్చారు. దేశమంతటికీ ఒకే నియమం తెచ్చే రిపేర్ చట్టం బిల్లును 2025లో మళ్లీ కాంగ్రెస్ ముందుకు తెచ్చారు.

ఈ ప్రశ్న అమెరికాతో ఆగదు. పాత బండి పని అంటే విజయవాడ ఆటోనగర్ గుర్తుకొచ్చే మనకు విడిభాగం విలువ తెలుసు. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. రేపు అక్కడి బండ్లలోనూ కంప్యూటర్లు పెరిగితే, ఆటోనగర్ మెకానిక్ చేతిలో పానా ఉంటే సరిపోదు, పాస్‌వర్డ్ కూడా కావాలి.

సుంకాలు ఈ ప్రభుత్వం వేసింది, ఇంకో ప్రభుత్వం తీసేయొచ్చు. సాఫ్ట్‌వేర్ తాళం అలా కాదు. బండి తుక్కుకు వెళ్లేదాకా దానితోనే ఉంటుంది. అందుకే ఓటు హక్కున్న మనవాళ్లు తమ కాంగ్రెస్ సభ్యులను సుంకాల గురించి అడిగినట్టే ఈ బిల్లు గురించీ అడగాలి.