సహనం పాఠం ఎవరికి?

తరగతి గదిలో సంభాషణ నడిపి ముస్లిం విద్యార్థులకి మత సహనం నేర్పాలని హైదరాబాదులో మా అధ్యాపకులకి శిక్షణ ఇచ్చారు. సహనం! ఆ మాటతో మన ఆడవాళ్ళకి పాత పరిచయమే. మొగుడు కొట్టినా, అత్త సాధించినా భూదేవంత ఓర్పు ఉండాలని ఉగ్గుపాలతో పట్టించారు కదా. దెబ్బలు తినేవాళ్ళకే ఎప్పుడూ ఈ పాఠం ఎందుకు చెప్తారు?

ఆ సంభాషణ ఎలా నడుస్తుందో చూస్తూనే ఉన్నాను. తలాక్ ప్రస్తావన రాగానే తరగతిలోని తలలన్నీ హిజాబ్ వేసుకున్న అమ్మాయి వైపు తిరుగుతాయి. వరకట్న చావుల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఏ హిందూ విద్యార్థీ తన మతం తరఫున సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. హిందూ ఇంట్లో పుట్టిన నన్నూ ఎవరూ అడగరు. ప్రశ్నలన్నీ ఒకవైపు, జవాబులన్నీ ఒకవైపు ఉంటే దాన్ని విచారణ అంటారు.

2007లో మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు పట్టుకెళ్ళిన ముస్లిం యువకుల్లో ఎందరో నిర్దోషులుగా బయటికొచ్చారు. 2022లో కర్ణాటకలో హిజాబ్ తీయలేదని అమ్మాయిల్ని కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు. ఇందులో సహనం లేనిది ఎవరికి?

ముస్లిం సమాజంలో ప్రశ్నించాల్సింది లేదా అంటే, ఉంది. ఆ ప్రశ్నలు మనం కనిపెట్టినవేం కాదు. బేగం రొకేయా 1905లోనే ‘సుల్తానాస్ డ్రీమ్’లో మగవాళ్ళని పర్దాలో కూర్చోబెట్టింది. 2017లో ముమ్మారు తలాక్ చెల్లదని సుప్రీంకోర్టు చేత అనిపించినవాళ్ళలో షాయరా బానో ఉంది. మన షాజహానా ‘నఖాబ్’ని ఎంతమందిమి పాఠంగా చెప్పాం?

నేను తలాక్ కంటే ముందు ఆస్తి హక్కు తీస్తాను. 2005 చట్టం దేశమంతటా కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది కదా, మీ అక్కలు తీసుకున్నారా అని హిందూ అబ్బాయిల్ని అడుగుతాను. గది నిశ్శబ్దమైపోతుంది. ఒకసారి ఆ నిశ్శబ్దంలోంచే ఓ ముస్లిం అమ్మాయి తన మతం అబ్బాయిల వైపు తిరిగి, “మరి షరియత్ ఇచ్చిన వాటా మా అమ్మీకి ఎవరిచ్చారు?” అని నిలదీసింది. అప్పటిదాకా తన మతాన్ని కాపాడుకోవడంతోనే ఆమెకి సరిపోయింది. ఆ బరువు దిగాకే నోరు విప్పింది.

సహనం పైనున్నవాళ్ళు విసిరే ముష్టి. సమానత్వం నేర్పే తరగతి పెట్టండి. మొదటి బెంచీలో అధ్యాపకులం కూర్చుంటాం.