లైఫ్‌టైం ఆయిలంట! ఎవరి లైఫండీ?

మా ఆఫీసు క్యాంటీన్లో రెండు వారాలుగా ఒకటే గొడవ. హైబ్రిడ్ కారులో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చాలా, అక్కర్లేదా అని. పదిమందిమి కూర్చుంటే తొమ్మిదిమంది "అక్కర్లేదు, అది లైఫ్‌టైం" పార్టీ. సర్వర్లో లాగ్ రొటేషన్ పెట్టలేదని జూనియర్ని ఏకిపారేసే మహానుభావులు, కారు దగ్గరికొచ్చేసరికి సర్వీస్ అడ్వైజర్ చెప్పిన ఒక్క ముక్కని వేదవాక్కు చేసేసుకున్నారు. అక్కడ నోరు మూసుకుని ఇడ్లీ తినేసి వచ్చాను గానీ ఇక్కడ మూసుకోదల్చుకోలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. మార్చాలి. నెల్లూరు తీరం లాంటి చోట తిరిగే బండికైతే కచ్చితంగా మార్చాలి. అలాగని ప్రతి ఇరవై వేల కిలోమీటర్లకీ మార్చమనేవాడి మాటా వినక్కర్లేదు. వాడి సంగతి తర్వాత.

ముందు ఆ పెట్టెలో ఏముందో చూద్దాం. మన దేశంలో దొరికే బలమైన హైబ్రిడ్లలో ఎక్కువ భాగం టయోటా పద్ధతివే. హైక్రాస్, హైరైడర్, దాని అన్నదమ్ముడు మారుతి గ్రాండ్ విటారా, ఇన్విక్టో... అన్నీ ఆ కుటుంబమే. 1997లో జపాన్‌లో ప్రియస్‌తో మొదలైన కుటుంబం అది. బ్రోషర్లో ఈ-సీవీటీ అని రాస్తారు. ఈ పేరు పెట్టినవాడు కనపడితే రెండు మాటలు అడగాలనుంది. మామూలు సీవీటీలో బెల్టు, దాన్ని రెండు పక్కలా నొక్కే పుల్లీలు ఉంటాయి. ఇందులో అవేమీ లేవు. గేర్లు మారే క్లచ్ ప్యాకులు లేవు, టార్క్ కన్వర్టర్ లేదు. ఉన్నదల్లా ఒక ప్లానెటరీ గేర్ సెట్టు, రెండు ఎలక్ట్రిక్ మోటార్లు. రెండో తరం ప్రియస్‌లో మధ్యనుండే సన్ గేర్‌కి 30 పళ్ళు, చుట్టూ ఉండే రింగ్ గేర్‌కి 78 పళ్ళు. ఇంజిన్ టార్క్ ఎప్పుడూ ఆ లెక్క ప్రకారమే చీలుతుంది. 72 శాతం చక్రాల వైపు, 28 శాతం చిన్న మోటారు వైపు. ఆ చిన్న మోటారు వేగం మార్చడం ద్వారానే "గేర్లు" మారినట్టు అవుతుంది. నిజంగా మారే గేరంటూ ఏదీ లేదు. ఇంతకన్నా అందమైన డిజైన్ నేను కారులో చూళ్ళేదు, ఆ విషయంలో నాకే పేచీ లేదు.

మన లైఫ్‌టైం పార్టీ ఇక్కడే పట్టుకుంటుంది. "క్లచ్చులే లేనప్పుడు అరుగుదల ఎక్కడిది? అరుగుదల లేనప్పుడు ఆయిల్ ఎందుకు పాడవుతుంది?" అంటారు. వినడానికి బావుంది. సగం నిజం కూడా. మామూలు ఆటోమేటిక్‌లో ఆయిల్ నల్లబడటానికి క్లచ్చుల పొడి పెద్ద కారణం, ఇందులో అది లేదు. కానీ ఈ ఆయిల్ చేసే పని గేర్లకి నూనె రాయడం ఒక్కటే అనుకోవడం దగ్గర తప్పు మొదలవుతుంది. ఆ రెండు మోటార్లూ ఇదే ఆయిల్లో తడుస్తూ ఉంటాయి. వందల వోల్టుల కరెంటు పారే రాగి చుట్టల మీద పడి, వాటి వేడిని లాగి బయటి గోడకి చేర్చేది ఇదే. అంటే గేర్లకి నూనెగా, మోటార్లకి చల్లదనంగా, కరెంటుకి అడ్డుగోడగా, మూడు ఉద్యోగాలు ఒక్కడితోనే చేయిస్తున్నాం. మన కంపెనీల్లో అలాంటివాణ్ణి ఏం చేస్తారో మీకు తెలుసు, బర్నవుట్ అయ్యేదాకా వాడి గురించి ఎవడూ అడగడు :)

వేడికి ఏ నూనైనా ఆక్సీకరణం చెందుతుంది. గేర్ పళ్ళ మధ్య నలిగి చిక్కదనం తగ్గుతుంది. కొత్త గేర్లు మొదట్లో ఒకదానితో ఒకటి రాచుకుని సర్దుకునేటప్పుడు సన్నటి లోహపు పొడి వస్తుంది, అందులో కొంత లోపలుండే అయస్కాంతం పట్టుకుంటుంది, మిగతాది ఆయిల్లోనే తిరుగుతుంది. అందుకే మొదటిసారి దించిన ఆయిల్ రంగు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఎర్రగా పోసింది కాఫీ డికాషన్లా వస్తుంది. రెండోసారి దించినప్పుడు అంత ఘోరంగా ఉండదు.

ఇక మా బావ సంగతి. ఈ రాతకి అసలు కారణం ఆయనే.

మా బావకి మైపాడు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. కాపురం నెల్లూరులో. 2023 మొదట్లో హైబ్రిడ్ కారు కొన్నాడు. ఏ కంపెనీదో అనవసరం. ఇంట్లో పెళ్ళిళ్ళకీ అదే, చెన్నై ఎయిర్‌పోర్టుకీ అదే, అవసరమైతే వెనక సీట్లు మడిచి పాతిక కిలోల మేత బస్తాలు పది వేసుకుని ఇందుకూరుపేట మీదుగా గుంటల దగ్గరికీ అదే. ఆ డిసెంబర్లో మిగ్‌జాం తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ అంతకు ముందు రెండు రోజులు నెల్లూరుని వాయించింది. ఏరేటర్లు ఏమయ్యాయో చూడాలని ఈయన బయల్దేరాడు. దారిలో ఒకచోట రోడ్డు మీద నీళ్ళు. ముందు లారీ పోయింది కదా అని ఈయనా పోనిచ్చాడు. బండి ఆగలేదు. ఆగకుండా దాటేసిందని మాకందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాడు.

తర్వాత సర్వీసుకిచ్చినప్పుడు నేను గుర్తు చేశాను, బావా, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఒకసారి చూడమని చెప్పు, నీళ్ళు కలిసి ఉండొచ్చు అని. ఆయన చెప్పాడు కూడా. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ చూసి "సార్, మీ మోడల్‌కి అది లైఫ్‌టైం ఆయిల్, షెడ్యూల్లో లేదు" అన్నాడట. బండి కడిగి, ఇంజిన్ ఆయిల్ మార్చి, కాఫీ ఇచ్చి పంపించారు.

2024 ఏప్రిల్లో మా అక్కా బావా చెన్నై ఎయిర్‌పోర్టుకి బయల్దేరారు, అమెరికా నుంచి వస్తున్న కూతుర్ని తీసుకురావడానికి. నాయుడుపేట దాటాక డాష్‌బోర్డు మీద హైబ్రిడ్ సిస్టం హెచ్చరిక వెలిగింది. పక్కన ఆపి, ఆఫ్ చేసి, మళ్ళీ స్టార్ట్ చేస్తే రెడీ లైటు రాలేదు. ఎండలో రెండు గంటలు. పిల్ల చంటిబిడ్డనెత్తుకుని ఎయిర్‌పోర్టు బయట క్యాబ్ కోసం నిలబడింది. కోడ్ చదివితే వచ్చింది పీ-జీరో-ఏ-ఏ-సిక్స్. హై వోల్టేజ్ ఇన్సులేషన్ పోయింది, కరెంటు ఎక్కడో బాడీకి కారుతోంది అని దానర్థం. పెట్టె కింది బోల్టు విప్పితే ఎర్ర ఆయిల్ రాలేదు, రోజ్‌మిల్క్ వచ్చింది. అంటే నీళ్ళు. నాలుగు నెలలు ఆ నీళ్ళలోనే మోటారు తిరిగింది.

నీళ్ళు ఎలా పోయాయి అని అడక్కండి, ఎనిమిదో క్లాసు సైన్సే. గాలి పీల్చి వదలడానికి ఆ పెట్టెకి ఒక బ్రీదర్ గొట్టం ఉంటుంది. పరుగెత్తి కాగిపోయిన పెట్టె ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బయట ఉన్నదాన్ని లోపలికి లాక్కుంటుంది. బయట ఉన్నది నీళ్ళైతే నీళ్ళనే లాక్కుంటుంది.

మొత్తం యూనిట్ మార్చాల్సొచ్చింది. వారంటీ అడిగితే నీళ్ళు పోయిన కేసు మాది కాదన్నారు. ఇన్సూరెన్స్ అడిగితే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ తీసుకోలేదు కదా అన్నారు. ఆ డబ్బుతో ఒక మంచి సెకండ్ హ్యాండ్ చిన్న కారొచ్చేది. ఆ సంవత్సరం ఒక గుంట పంట అంతా దానికే పోయింది. "వాళ్ళే లైఫ్‌టైం అని చెప్పిండారు కదరా అబ్బయా" అంటాడు మా బావ ఇప్పటికీ. నేనేం చెప్పను? "బావా, నీ గుంటలో నీళ్ళు లైఫ్‌టైం, మార్చక్కర్లేదు అని ఎవడైనా అంటే వాణ్ణి గట్టు ఎక్కనిస్తావా?" అన్నాను. నవ్వలేదు.

ఇది వరద కేసు కదా, మామూలు బండికి దీనికీ సంబంధం ఏంటి అంటారేమో. ఉంది. ఆయిల్ మార్చడమంటే పాతది తీసి కొత్తది పోయడం మాత్రమే కాదు, లోపల ఏం జరుగుతోందో చూడగలిగే ఒకే ఒక్క అవకాశం అది. ఈ పెట్టెకి డిప్‌స్టిక్ లేదు. విప్పితే తప్ప ఆయిల్ మొహం చూడలేం. "షెడ్యూల్లో లేదు" అంటే "ఎవరూ ఎప్పటికీ చూడరు" అని అర్థం. మానిటరింగ్ లేని సర్వర్ గురించి మీకు నేను చెప్పాలా?

పైగా మన తీరం ఉంది చూశారూ, అది ఊరికే ఉండదు. 2021 నవంబర్లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, హైవే ఆగిపోయిన రోజులు గుర్తున్నాయా? కావలి నుంచి సూళ్ళూరుపేట దాకా ఈశాన్య రుతుపవనాలొస్తే చాలు, ఎక్కడో ఒకచోట చక్రాలు మునుగుతాయి. మేలో నలభై దాటే ఎండ. ఏడుగురిని ఎక్కించి, పైన సామాను కట్టి, ఏసీ ఫుల్లు పెట్టి తిరుపతి కొండెక్కించడం. ఇక ఉప్పు గాలి. ఆ పెట్టె అల్యూమినియం, దానికున్న బోల్టులు ఉక్కువి. ఉప్పుతేమలో ఈ రెండూ పక్కపక్కనుంటే ఏమవుతుందో కెమిస్ట్రీ చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పదేళ్ళు ముట్టుకోకుండా వదిలేస్తే తర్వాత మార్చాలనుకున్నా బోల్టు కదలదు.

"అమెరికాలో మూడు లక్షల మైళ్ళు దాటిన ప్రియస్‌లు అదే ఆయిల్తో తిరుగుతున్నాయి" అనేది క్యాంటీన్లో రెండో బాణం. తిరుగుతున్నాయి, ఒప్పుకుంటాను. పాడైనవి స్క్రాప్ యార్డులో ఉన్నాయి, అవి వచ్చి తమ కథ చెప్పవు కదా! మా తాత రోజూ చుట్ట తాగి తొంభై ఏళ్ళు బతికాడు, అలాగని మిమ్మల్ని తాగమంటానా? అదీగాక, అదే అమెరికాలో టయోటా వాళ్ళ కొన్ని మోడళ్ళ షెడ్యూళ్ళలోనే ట్రైలర్ లాగినా, పైన సామాను కట్టినా, భారీగా బరువు వేసినా 60 వేల మైళ్ళకి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చమని ఉంటుంది. అంటే దాదాపు 96 వేల కిలోమీటర్లు. మన వాడకం ఆ "ప్రత్యేక పరిస్థితుల్లోకి" రాదని ఎవరన్నారు? హోండా అయితే తన హైబ్రిడ్లకి ఈ ఆయిల్ మార్పుని అక్కడి మెయింటెనెన్స్ లెక్కలోనే పెట్టేసింది.

అసలు లైఫ్‌టైం అంటే ఎవరి లైఫు? టయోటా మన దగ్గర హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఆ గడువు దాటాక మీ పెట్టె ఏమైతే ఎవడికి నొప్పి? నాన్నకి కొనిచ్చి ఊళ్ళో పెట్టిన బండి, పదిహేనేళ్ళు నడవాలని మనం అనుకుంటాం. మన లైఫ్‌టైం వేరు, వాళ్ళ లైఫ్‌టైం వేరు.

నా లెక్క ఇదీ. తీరంలో తిరిగే బండికి మొదటిసారి 60-70 వేల కిలోమీటర్లకో, ఐదేళ్ళకో, ఏది ముందైతే అప్పుడు. ఆ తర్వాత 80 వేలకోసారి చాలు. చక్రం మధ్య దాకా నీళ్ళలో దిగితే మాత్రం కిలోమీటర్లతో పన్లేదు, మర్నాడే విప్పించండి. ఇంకా మునిగితే స్టార్టే చెయ్యొద్దు, టో చేయించండి.

ఇప్పుడు ఇందాక వదిలేసినవాడి దగ్గరికొద్దాం. ప్రతి ఇరవై వేలకీ మార్చమని, పైగా మెషీన్ పెట్టి ఫ్లష్ చేస్తామని చెప్పేవాడు. మామూలు ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ సగానికి పైగా ఆయిల్ని పట్టుకుని ఉంటుంది, కింద బోల్టు విప్పితే కొంతే వస్తుంది, అందుకే ఫ్లష్ అనే వ్యాపారం పుట్టింది. మన పెట్టెలో టార్క్ కన్వర్టరే లేదు. బోల్టు విప్పితే దాదాపు అంతా వచ్చేస్తుంది. ఫ్లష్ చెయ్యడానికి ఏముంది అక్కడ? ఇంకొకడు ఉంటాడు, "సీవీటీ కదా సార్" అని బెల్టు సీవీటీ ఆయిల్ డబ్బా తెస్తాడు. పొయ్యనివ్వకండి. టయోటా పద్ధతి బండికైతే ఏటీఎఫ్ డబ్ల్యూఎస్, లేదా మీ పుస్తకంలో ఏది రాసుంటే అది. అంతే.

పని కూడా బ్రహ్మవిద్యేం కాదు. పెద్ద సిటీలో, పేరున్న చోటే అక్కర్లేదు, బుర్రున్న మెకానిక్ చాలు. కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. పైన ఆయిల్ పోసే బోల్టు ముందు విప్పించి, అది వచ్చిందని చూశాకే కింది బోల్టు మీద చెయ్యి వెయ్యనివ్వండి. కింద అంతా కార్చేసి, పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే సమాధి. బండి లెవెల్‌గా ఉండాలి, బోల్టులకి కొత్త వాషర్లు వెయ్యాలి, దించింది కొలిచి పోసింది కొలవాలి. మోడల్ని బట్టి మూడున్నర, నాలుగు లీటర్లు. పోసే కన్నం అంచు దాకా వచ్చి కారడం మొదలైతే ఆపేయాలి. మా నాన్న బండికి మొన్న దసరాకి దగ్గరుండి చేయించాను. 64 వేలు తిరిగింది. ఆయిలూ కూలీ కలిపి ఐదు వేల లోపే అయింది. పై బోల్టు అప్పటికే మొండికేసింది, ఇద్దరు పట్టుకుంటే గానీ కదల్లేదు. దించిన ఆయిల్ని ఒక నీళ్ళ సీసాలో పోసి ఆఫీసుకి పట్టుకెళ్ళి క్యాంటీన్ టేబుల్ మీద పెట్టాను.

అందరూ చూశారు. ఒకడు మాత్రం "అది నీ బండిది, నాది లైఫ్‌టైం" అన్నాడు. వాడిది తడ. ప్రతి శనివారం బండేసుకుని ఊరెళ్తాడు, వచ్చే నెలకి 90 వేలు దాటుతుంది. సీసా వాడి డెస్కు మీదే వదిలేసి వచ్చాను.