మోటుపల్లి శాసనమూ, మన నోటీసులూ



కొన్నాళ్ల క్రిందట మా వీధి చివరి ఇంటి పెద్దామె ఒక కాగితం పట్టుకొని వచ్చింది. "సారూ, ఇదేం కాయితమో జర చదివి చెప్పుండ్రి" అన్నది. అది తెలుగు కాగితమే. ఆమెకు చదవడమూ వచ్చును. కాని ముప్పది ఏండ్లు తెలుగు చెప్పిన నాకే అది రెండు మార్లు చదివితే గాని బోధపడలేదు. "సదరు విషయమై తెలియజేయునది ఏమనగా" అని మొదలై, ఏడు పంక్తుల దాకా పూర్ణవిరామం లేని ఒకే వాక్యం. ఆమెకు కావలసినదల్లా జీవన ధ్రువపత్రం ఇవ్వవలసిన గడువు. అది ఆరవ పంక్తిలో నక్కి ఉన్నది. అప్పటికే ఆ తేదీ దాటిపోయినది. ఆమెకు రెండు నెలల పింఛను ఆగిపోయింది. ఏ కార్యాలయమో చెప్పను. ఈ బాణీ ఒక్కరిది కాదు.

తెలుగులో కార్యాలయ వ్యవహారం ఇట్లాగే ఉంటుంది, స్పష్టత కావాలంటే ఇంగ్లీషే గతి అనేవారున్నారు. వారికి నా జవాబు మా ఓరుగల్లు నుంచే ఇస్తాను. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకుల కోసం అభయశాసనం వేయించినాడు. సంస్కృతమూ తెలుగూ కలిసిన శాసనం అది. అందులో రాజవంశ ప్రశస్తి ఉన్నది, అలంకారాలూ ఉన్నవి. కాని వర్తకుని పని దగ్గరికి వచ్చేసరికి మాట సూటిగా నడుస్తుంది. ఈ అభయం ఎవరికి? దేశదేశాల నుంచి వచ్చిపోయే ఓడ వర్తకులకు. ఎందుకు? తుఫానుకు ఓడ చెడి ఒడ్డుకు కొట్టుకువస్తే, పూర్వపు రాజులు సరుకంతా లాగుకొనేవారు. ఇక మీదట ఏమి? నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోము. ఎంత? ముప్పదింట ఒకటి. ఆ తరువాత గంధం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు, పట్టు మొదలైన వాటికి వేర్వేరుగా రేట్లు. రాజు గొప్ప రాజుకు దక్కింది, వర్తకునికి కావలసిన లెక్క వర్తకునికి అందింది. మన నోటీసులో ఈ రెండవది ఎక్కడున్నది?

ఇక అక్షరాల కూర్పు సంగతి. తెలుగు అక్షరానికి పైన గుడి ఉంటుంది, క్రింద వత్తు ఉంటుంది. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం పెట్టి అచ్చు కొడితే, పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడి మీద కూర్చుంటుంది. ఆ పెద్దామె కాగితంలో జరిగినది అదే. సున్న అంకెకు బదులు పూర్ణానుస్వారం కొట్టి తేదీలు వేసేవారూ ఉన్నారు. కంటికి రెండూ ఒకటే గాని, కంప్యూటరులో వెదికితే ఆ తేదీ దొరకదు. యూనికోడులో తెలుగు 1991 నుంచే ఉన్నది. అయినా పాత ఫాంట్లలో కొట్టి పంపిన లేఖ అవతలివారి తెర మీద పిచ్చిగీతలై తెరుచుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు.

1966 నాటి అధికార భాషా చట్టం తెలుగుకు కార్యాలయంలో పీట వేసింది. ఆగస్టు 29న గిడుగు వారిని, సెప్టెంబరు 9న కాళోజీ గారిని తలచుకొని సభలు చేస్తున్నాము. ఆ ఇద్దరూ అడిగినది జనానికి అర్థమయ్యే తెలుగు. మనం పీట వేశాము గాని, దాని మీద కూర్చోబెట్టినది ఎవరికీ అర్థం కాని తెలుగును.

ఇందులో నా పాలు ఎంత? లేఖారచన పాఠంలో "విన్నవించుకొనునది ఏమనగా" అని రాసిన పిల్లవానికి ఎక్కువ మార్కులు వేసినవాణ్ణి నేను. "రేపు బడికి రాలేను, జ్వరం వచ్చింది" అని రాసినవానికి భాష చాలదని తగ్గించాను. ఆ పెద్దామె నోటీసు రాసిన గుమాస్తా నావంటి పంతులు దగ్గరే చదువుకొని ఉంటాడు.

ఆమె కోసం ఆ నోటీసును తిరగ రాసి చూశాను: "మీరు ఫలానా తేదీలోగా జీవన ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. ఆధార్ కార్డు, పింఛను పుస్తకం తీసుకొని మా కార్యాలయానికి రండి. రాలేకపోతే ఈ నంబరుకు ఫోను చేయండి." నాలుగే వాక్యాలు. వ్యాకరణానికి లోటు లేదు, గౌరవానికీ లోటు లేదు.

మీలో కార్యాలయాలలో, కంపెనీలలో పని చేసేవారు చాలామంది ఉన్నారు. ఈసారి ఒక తెలుగు కాగితం మీ చేతి మీదుగా పోయేటప్పుడు, గడువును మొదటి పంక్తిలో పెట్టండి. ఆ పెద్దామె పేరిట నేను అడిగేది అంతే.

సెలవు.