లంకలో మురుగు ఎక్కడికి పోతుంది?



గోదావరి వరద తీసిన కొద్ది రోజులకే కోనసీమ లంకల నుండి విరేచనాలతో రోగులు వస్తారు. తరువాతి వారాల్లో టైఫాయిడ్, పచ్చకామెర్లు మొదలవుతాయి. వరద నీరు చెడ్డదని అందరూ అంటారు. దాన్ని చెడగొట్టే వాటిలో మన మరుగుదొడ్ల గుంతలూ ఉన్నాయని ఒప్పుకునేవారు తక్కువ.

లంక అంటే చుట్టూ ఏరు, అడుగున ఇసుక. వానాకాలంలో కొద్ది అడుగులు తవ్వితే నీరు తగులుతుంది. ఇప్పుడు చాలా ఇళ్లకు మరుగుదొడ్లు వచ్చాయి, సంతోషమే. కాని గుంత అడుగు ఆ ఊటలో మునిగి, పక్కనే చేతిపంపు ఉంటే, మనం వదిలినదే మనం తాగుతున్నాము. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అటువంటి వరదలో మునిగిన గుంతలోని మలినమంతా ఊరి నీటిలో కలుస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. హెపటైటిస్ ఇ అనే కామెర్లు మలం కలిసిన నీటి వల్ల వస్తాయి. చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు సోకితే నూటికి 20 నుండి 25 మంది వరకు చనిపోవచ్చు.

పట్నంలోలాగా పెద్ద శుద్ధి కేంద్రం కట్టేవరకు ఏమీ చేయలేమని కొందరంటారు. మేము ఒప్పుకోము. దానికి పైపులు, మోటార్లు, ఎడతెగని కరెంటు కావాలి. వంతెన లేని లంకకు సెప్టిక్ ట్యాంకు లారీ కూడా రాలేదు. ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, విషవాయువుతో ప్రాణమే పోతుంది.

లంకకు తగినది జంట గుంతల పద్ధతి. మట్టి పోసి మెరక చేసి, దానిమీద రెండు గుంతలు కట్టాలి. ఇసుక నేల కనుక అడుగు సిమెంటుతో మూసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక నింపాలి. చేతిపంపుకు కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. ఒకటి నిండాక మూసి రెండవది వాడాలి. మూసినది రెండేళ్లు కదపకుండా ఉంచితే ఎరువవుతుంది. సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు దాని నీటిని కాలువలోకి వదలవద్దు. తేటగా కనిపించినా అందులో క్రిములు ఉంటాయి. వంట, స్నానాల నీటిని అరటి, మెట్టతామర మడికి మళ్లించండి.

ఒక్క ఇల్లు చేస్తే చాలదు. పొరుగింటి గుంత కూడా మన బోరుకు దగ్గరే గదా! అందుకే సంఘ పెద్దలను, స్త్రీల సమాజాన్ని కోరుతున్నాము: ముందు మందిరం మరుగుదొడ్డిని సరిచేయండి. అది చూపించి గ్రామసభలో ఊరంతటికీ అడగండి. పాళెము వెలుపల గుంట త్రవ్వి మలినమును కప్పవలెనని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఉన్నది. శుభ్రత భక్తికి వేరైనది కాదు.

అంతవరకు తాగే నీటిని తెర్లకాచి చల్లార్చి తాగండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టి, పడవ దొరికిన వెంటనే ఆసుపత్రికి రండి.

దేవుడు మీ కుటుంబములను కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్